యోసేపు చేతి ముద్ద

కొల్లేటి పల్లపు పేటల్లో పంది కోసేవాడికి ఒక మర్యాద ఉంది. చంపిన పందిని గడ్డిమంట మీద వేసి వెంట్రుకలు కమరగొడతారు. తోలు బిగిసి కొవ్వు చిటపటమంటున్నప్పుడు కోసేవాడు తొడలో కత్తి దించి ఒక ముక్క తీస్తాడు. పైన మసి, లోపల పచ్చి నెత్తురు. పదిమందీ చూస్తుండగా అది నోట్లో వేసుకుని, నమిలి మింగి, "బాగుందర్రా!" అంటాడు. ఆ మాట వినబడ్డాకే ఆడవాళ్ళు డేగిసాలు పొయ్యెక్కిస్తారు. దాన్ని నోటిముక్క అంటారు. నోటిముక్క తినని కోతగాడి చేతి మాంసం ఎవడూ ముట్టడు. కోసినవాడే తినలేదంటే అందులో ఏదో ఉందనే గదా అర్థం.

పెదపాడుకి దిగువన, కొల్లేటి గట్టుకి ఇవతలనున్న పేటలో ఆ మర్యాద యోసేపుది. అంతకుముందు వాళ్ళ అయ్యది. ఏడాదంతా యోసేపు బాపిరాజుగారి చేల్లో పాలేరు. ఎవరు పిలిచినా "ఆయ్, వస్తన్నానండి" అంటూ పరుగెత్తే మనిషి. మిషను గుడి ముందు కోతల పండగనాడు మాత్రం పేటంతా అతని నోటి వంకే చూసేది. ఆ ఒక్క పూట కోసం అతను ఏడాదంతా వంగి బతికాడంటే తప్పులేదు.

ఆ ఏడు పండక్కి పడింది నూకపంది.

నూర్పులప్పుడు కళ్ళాల చుట్టూ తిరిగి ధాన్యం మెక్కిన పందికి కండలో నూక పడుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. కోస్తే కండ పొరల మధ్య తెల్లగా, నీళ్ళలో నానిన నూకగింజల్లాంటివి కనబడతాయి. దిగుబడి బాగున్న ఏడే అలాంటి పంది పడుతుందనీ, ఆ మాంసం తిన్న ఇంట్లో గింజకి కరువు ఉండదనీ అనుకునేవారు. బాలింతలున్న ఇళ్ళవాళ్ళు ముందుగానే వచ్చి, "మాకు నూకున్న ముక్కలు పడేలా చూడు యోసేపూ" అని చెప్పుకుని పోయేవారు.

"ఏంటన్నా, కత్తి ఆగిపోయింది?" అన్నాడు విశ్వాసం. యోసేపుకి వరసకి తమ్ముడు. మంటలోకి గడ్డి ఎగదోసేది అతనే.

"నూకరా! చూడు, ముత్యాలు పోసినట్టుంది."

గట్టు మీంచి ఆడవాళ్ళు కిలకిలమన్నారు. అప్పుడే గొడుగు చంకలో పెట్టుకుని వస్తున్న సుందరరావు ముఖం చిట్లించాడు. ఇతను యోసేపు భార్య తమ్ముడు, తాడేపల్లిగూడెంలో మిషను బడి టీచరు.

"బావా, ఆ పచ్చి ముక్క తినకపోతే నీ కత్తి తెగదా?"

"మీ అక్కని చేసుకున్నప్పుడే విషం మింగానయ్యా. దీనికేం భయం?" అని, యోసేపు నూకున్న చోటే ఎంచి కోసి నోట్లో వేసుకున్నాడు. "బాగుందర్రా!"

"చూశావా అక్కా, నువ్వు విషమంట."

"ఆ విషమే గదరా ఇన్నేళ్ళూ వండి పెడతంది," అంది మార్తమ్మ, ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని.

మార్తమ్మ పంది తినదు. ఆమె తండ్రి పెంటపాడులో వాక్యం చెప్పే ఉపదేశి. ఆ ఇంట్లో పంది మానేసి ఒక తరం అయింది. పెళ్ళయి ఈ పేటకి వచ్చాక కూడా ఆమె తన కుండ వేరే పెట్టుకుంది. కూతురు పుట్టినప్పుడు మొగుడితో ఒకటే మాట చెప్పింది. "నా పిల్ల బడిలో అందరి మధ్యా కూచోవాలండి. పందికూడు తినేదాని కూతురని ఒకళ్ళు దాన్ని అనగూడదు. మీరు తినండి, దానికి పెట్టకండి."

యోసేపు ఆ మాట తప్పలేదు. తన కూతురు ప్రభావతి నోటికి పంది ముక్క తగలనివ్వలేదు. పండగనాడు పేటంతా పంది తింటే, అతను మాటు వేసి పట్టిన కొర్రమీను ఒకటి కూతురి కోసం ఇంటికి పంపేవాడు. ఆ పిల్ల ఏలూరు బోర్డింగులో చదువుకుంటోంది. ఎనిమిదో తరగతి పరీక్ష గట్టెక్కితే ట్రైనింగు, ట్రైనింగయితే టీచరమ్మ. ఆ పేటలోంచి బల్ల ముందు కుర్చీలో కూచున్న మనిషి ఇంతవరకూ లేడు. మొగాడే లేడు, ఇక ఆడపిల్ల మాట ఎక్కడిది?

ఆ సాయంత్రం మాంసం పంపకాలయ్యాక యోసేపు కాలవలో చేతులు ముంచి, పైపంచెకి తుడుచుకుని ఇంటికొచ్చాడు. చేతులు కడగడమంటే అక్కడ అంతే. ఊరి బావి పేటవాళ్ళకి లేదు. సబ్బు పేటలో ఒక్క ఇంట్లోనూ లేదు. చేను తొక్కొచ్చినా, పంది కోసొచ్చినా, గట్టు వెనక దొడ్డికి కూచునొచ్చినా అదే కాలవ, అదే పైపంచె.

చేపల పులుసు అన్నంలో కలిపి, ముళ్ళు ఏరి, ముద్ద చేసి పట్టుకున్నాడు.

"పెద్దదాన్నయ్యాను నాన్నా. నా చేత్తో నేను తింటాను," అంది ప్రభావతి.

"పెద్దదానివైతే నోరు కూడా పెద్దదయ్యుంటది. తెరువు."

నవ్వుతూ తెరిచింది. "బోర్డింగులో ఏం పెట్టినా ఇంత రుచి రాదమ్మా. అక్కడా ఇదే పులుసు, ఇదే చింతపండు. ఎందుకనో మరి?"

"రుచి పులుసులో ఉండదే పిచ్చిదానా, చేతిలో ఉంటది," అన్నాడు యోసేపు.

పాలు మరిచిన నాటి నుంచీ ఆ పిల్లకి అదే అలవాటు. తల్లి ఎంత పెట్టినా ఆఖరి ముద్ద తండ్రి చేతిది కావాలి. అతను పొద్దుపోయి వస్తే మేలుకుని ఉండేది. బోర్డింగుకి వెళ్ళాక సెలవులకి ఇంటికి రావడమంటే ఆమెకి ఆ ముద్ద కోసం రావడమే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చెప్పడానికి రోతగానే ఉంటుంది, అయినా చెప్పకపోతే ఈ మనిషి కథ అర్థం కాదు. ఏళ్ళ తరబడి యోసేపుకి దొడ్డికి వెళ్ళినప్పుడు సొరగింజల్లాంటి తెల్లటి ముక్కలు పడేవి. ఒక్కోసారి మెదిలేవి కూడా. నొప్పి లేదు, బాధ లేదు. వాళ్ళ అయ్యకీ అలాగే పడేవి. "నూక ఎక్కువ తిన్నాం గదరా, మిగిలింది పోతంది" అని నవ్వేవాడు ఆయన. యోసేపు కూడా అలాగే అనుకుని మట్టి కప్పి వచ్చేసేవాడు. ఎవరికి చెప్పుకుంటాడు? చెప్పుకోవడానికి అదేమన్నా జబ్బా?

తెల్లరాజుగారి జూబిలీ జరిగిన ఏడు ఎండాకాలంలో ప్రభావతి పరీక్ష ప్యాసయింది. ట్రైనింగులో సీటు వచ్చిందని సుందరరావు ఏలూరు దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి ఎండలో పడి నడిచొచ్చి మరీ చెప్పాడు. యోసేపుకి ఆ మాట తలకెక్కడానికి కాస్త పట్టింది. ఎక్కాక లేచి, బాపిరాజుగారి కళ్ళానికి పోయి ఆయనకి దండం పెట్టి, "మా అమ్మాయి టీచరమ్మవుతందండి" అని చెప్పి వచ్చాడు. ఆయన చుట్ట తీసి, "అయితే నువ్వు నా దగ్గిర పని మానేస్తావేంట్రా?" అని నవ్వాడు. అది కూడా యోసేపుకి గొప్పగానే అనిపించింది.

ఆ ఆదివారం గుడిలో వాక్యం చదవమని పాస్టరుగారు ప్రభావతినే లేపారు. తెల్లచీర కట్టుకుంది. గొంతు ఖంగుమంటోంది. మార్తమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. మగవాళ్ళ వరసలో యోసేపు పక్కవాడి మోకాలు గిల్లుతున్నాడు. నాలుగు వాక్యాలు చదివిందో లేదో, ఆ పిల్ల ఒక మాట దగ్గర ఆగిపోయింది. ఆ మాటే మళ్ళీ అంది. మళ్ళీ అంది. మూతి ఒక పక్కకి లాగింది. నిలువునా పడింది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట నురుగు, తెల్లచీర తడిసిపోయింది. పిల్లలు గుడిలోంచి పరుగెత్తారు.

ఎవరో చేతిలో తాళంచెవి పెట్టారు. ఎవరో ఉల్లిపాయ చితక్కొట్టి వాసన చూపించారు. "కొల్లేటి గాలి తగిలింది. ఆడపిల్లల్ని బోర్డింగుకి పంపితే గాలి తగలక ఏం తగుల్తది!" అంది పొరుగింటి దానమ్మ. పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. తెప్పరిల్లిన ప్రభావతి చుట్టూ చూసి, "ఎంతవరకూ చదివానమ్మా?" అని అడిగింది.

అదొక్కసారే అయుంటే మరిచిపోయేవారు. ట్రైనింగులో చేరిన నెలలోనే మళ్ళీ పడింది. తరవాత అన్నాల దగ్గర పడింది, మెట్ల మీద పడింది. పక్క పడకల పిల్లలు హడలిపోయారు. బోర్డింగువాళ్ళు మాత్రం ఏం చేస్తారు? నయమయ్యాక పంపించమన్నారు. సుందరరావు వెళ్ళి రేకుపెట్టెతో సహా తీసుకొచ్చి అక్క గుమ్మంలో దింపాడు. పెట్టె దింపుతూ ఆ మేనమామ ఎవరి ముఖమూ చూడలేదు.

"సీటు వచ్చే జూన్ దాకా ఉంచుతారంట నాన్నా," అంది ప్రభావతి. "ఈలోగా తగ్గిపోతే చాలు."

"తగ్గకేం చేస్తాది? తగ్గుద్ది," అన్నాడు యోసేపు. ఆ పూట మామూలు కంటే పెద్ద ముద్దలు పెట్టాడు. నీరసానికేమో ఇదంతా అని అతని గుడ్డి ఆశ.

ఒకనాడు తలంటుపోస్తూ మార్తమ్మ కూతురి భుజం మీద చెయ్యి ఆపింది. తోలు కింద ఏదో గింజలా ఉంది. నొక్కితే వేలి కింద జారింది. మెడ దగ్గర ఇంకొకటి. వీపు మీద, రొమ్ము మీద, మోచేతి పైన, ఎక్కడ తడిమితే అక్కడ.

"ఏవండీ, ఇలా రండి ఓసారి. ఇవేంటో చూడండి."

యోసేపు వేలితో తడిమి చూశాడు. వేలికి ఏదో తెలిసినట్టే అనిపించింది, మనసుకి అందలేదు. "వేడి గుల్లలయ్యుంటాయిలే," అన్నాడు. మర్నాడే సుందరరావుకి కబురు పెట్టాడు, ఏలూరు ఆస్పత్రికి తీసుకుపోదామని.

ఆస్పత్రిలో నిత్యానందంగారని డాక్టరు. నెమ్మది మనిషి. ప్రభావతిని అంతా అడిగాడు, అంతా తడిమాడు. మోచేతి పైన చిన్న గాటు పెట్టి ఆ గింజ ఒకటి తీశాడు. గాజు పలక మీద పెట్టి కిటికీ వెలుగులోకి తెచ్చాడు. మార్తమ్మ కళ్ళు మూసుకుంది. సుందరరావు కళ్ళద్దాలు సర్దుకుని వంగాడు. యోసేపు వంగనక్కర్లేకపోయింది. తెల్లగా, పల్చటి సంచిలో నీళ్ళలా, మధ్యలో చిన్న చుక్కతో ఉన్న ఆ గింజని అతను నిలబడ్డ చోటి నుంచే పోల్చాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చూస్తున్నదే.

"నూకండి," అన్నాడు.

"ఏవిటీ?"

"నూకండి. పందిలో పడతాదండి. ఇది... ఇది పంది ముక్కలోదండి. మా అమ్మాయిలోది కాదండి."

డాక్టరు గాజు పలక బల్ల మీద పెట్టాడు. "అమ్మాయి పంది మాంసం తింటుందా?"

"ముట్టనే ముట్టదండి," అంది మార్తమ్మ. గొంతులో ఇంకా ఆ గర్వం పోలేదు. "పుట్టిన కాణ్ణుంచీ ముట్టనివ్వలేదండి."

"తిననివాళ్ళకీ వస్తుందమ్మా. ఈమధ్య మన దేశంలో ఉండి వెళ్ళిన తెల్ల సోల్జర్లకి ఇలాంటి ఫిట్సే వస్తున్నాయని చదువుతున్నాం." డాక్టరు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. యోసేపు వైపు తిరిగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "చూడవయ్యా. ఆ నూక గింజ కాదు, పురుగు పిల్ల. సరిగా ఉడకని ముక్కతో మనిషి దాన్ని తింటే, వాడి కడుపులో బద్దెపురుగై పెరుగుతుంది. పొడుగ్గా, నవారు బద్దెలా ఉంటుంది. ఆ మనిషి దొడ్డికెళ్ళినప్పుడు దాని గుడ్లు పడతాయి. కంటికి కనపడవు. ఆ గుడ్లు పంది తింటే పంది కండలో నూక పడుతుంది. మనిషి తింటే మనిషి కండలో పడుతుంది. కండలో పడితే పర్వాలేదు. తలలో పడితే ఇలా మూర్ఛలు."

"మనిషి... అవెందుకు తింటాడండి?" అన్నాడు సుందరరావు.

"కావాలని తింటారా మాస్టారూ? పురుగున్నవాడు చేతులు సరిగా కడగడు, గోళ్ళలో ఉండిపోతాయి. ఆ చేత్తో వండుతాడు, వడ్డిస్తాడు." డాక్టరు గాజు పలక పక్కకి జరిపాడు. "మీ ఇంట్లో ఎవరికైనా సొరగింజల్లాంటి ముక్కలు పడుతున్నాయా?"

మార్తమ్మ తమ్ముడి వంక చూసింది. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. తరవాత ఇద్దరూ యోసేపు వంక చూశారు.

యోసేపు తన కుడిచెయ్యి చూసుకుంటున్నాడు. గోళ్ళలో నల్లటి మట్టి.

"నాకండి," అన్నాడు.

ప్రభావతి బల్ల మీద పడుకునే వింటోంది. తండ్రి ముఖం చూసి, "నాన్నా, నువ్వేం చేశావని?" అంది. ఆ పిల్ల అలా అనకుండా ఉంటే బాగుండేదని ఆ తరవాత అతను చాలాసార్లు అనుకున్నాడు.

యోసేపుని ఆస్పత్రిలోనే ఉంచి, పస్తు పెట్టి, వాంతికొచ్చేంత చేదుమందు తాగించి, పైన విరేచనాల మందిచ్చారు. పురుగు తలతో సహా వచ్చింది. బేసిన్లో చుట్టలు చుట్టలుగా పడున్న దాన్ని అతను చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళూ అది తన అన్నం తింటూ తన కడుపులో హాయిగా బతికింది. తనకి తలనొప్పయినా రాలేదు.

"నీకిక భయంలేదు," అన్నాడు డాక్టరు.

"మా అమ్మాయికి ఆ మందెప్పుడిస్తారండి?"

"ఆ మందు కడుపులో ఉన్నదానికేనయ్యా. కండలో, తలలో ఉన్నదానికి మందు లేదు. ఫిట్స్ తగ్గించడానికి మాత్రలిస్తాను, రోజూ వేయించు."

"నాకున్నది తీశారు గదండి. దానికున్నది తియ్యరేంటండి?" అన్నాడు యోసేపు. "బాబుగారూ, తల కోసైనా తియ్యండి. నా తల కోసినా సరే," అంటూ బల్ల పట్టుకుని కూలబడ్డాడు. సుందరరావు లేవదీసి బయటకి తీసుకొచ్చాడు.

ఇంటికొచ్చిన రోజు అలవాటు చొప్పున యోసేపు కూతురి పక్కన కూచుని కంచంలో చెయ్యి పెట్టబోయాడు. మార్తమ్మ కంచం లాక్కుంది. తిట్టలేదు, అరవలేదు. లాక్కున్న కంచంలోని అన్నం పెంట మీద పారబోసి, వేరే కంచంలో పెట్టుకొచ్చి తను తినిపించింది. అక్కడి నుంచీ అతనికి కంచం వేరు, చెంబు వేరు, అరుగు మీద పడక. పురుగు పోయిందని డాక్టరు చెప్పాడుగదే అని అతనూ అనలేదు. అతనికీ నమ్మకం లేదు. బూడిదతో తోముకునేవాడు, సున్నపు నీళ్ళలో ముంచుకునేవాడు, కొబ్బరిపీచుతో రుద్దేవాడు. వేళ్ళ సందులు పగిలి నెత్తురు కారేది. నాట్లప్పుడు బురదనీళ్ళు తగిలితే చెయ్యి మండిపోయేది. ఆ మంటే కాస్త నయంగా ఉండేది.

జూన్ వచ్చింది. బోర్డింగు నుంచి ఏ కబురూ రాలేదు, వీళ్ళూ పంపలేదు. ప్రభావతి రేకుపెట్టె తీసి పుస్తకాలు ముందేసుకుంది. చదివిన పేజీయే చదువుతోంది. మాత్రలకి మూర్ఛలు కొన్నాళ్ళు తగ్గి, మళ్ళీ మొదలయ్యాయి. ఒకోసారి తల పట్టుకుని గోడకి కొట్టుకునేది. ఒకనాడు గుమ్మం మీద సుద్దముక్కతో తన పేరు రాస్తూ సగంలో ఆగిపోయి, "తరవాతేంటమ్మా?" అని అడిగింది. మార్తమ్మకి చదువు రాదు. మొగుడికీ రాదు. చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

ఆ యేటి కోతల పండక్కి యోసేపు కత్తి పట్టనన్నాడు. కత్తి విశ్వాసం చేతికి పోయింది. అయినా మంట దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పందిని కోశారు. మళ్ళీ నూకే.

"తినకరా విశ్వాసం," అన్నాడు యోసేపు. "అది పురుగురా. డాక్టరు చూపించాడు. నా కళ్ళతో నేను చూశాను. నా కూతురి చేతిలోంచి తీశాడురా అది. ఈ పందిని గోతిలో పూడ్చెయ్యండర్రా, మీకు దణ్ణం పెడతాను."

"నీ కూతురు పందే తినలేదు గదన్నా," అన్నాడు విశ్వాసం.

"తిన్నది నేను. దానికి నా చేతి నుంచి..."

"అదేం మాటన్నా! తిన్నోడు దున్నపోతులా ఉన్నాడు, తిననిదానికి జబ్బా? డాక్టరు చెప్పాడంట, నువ్వు నమ్మేశావంట!"

జనం నవ్వారు. ఆ నవ్వులో కసి లేదు, జాలే ఉంది. పిల్ల జబ్బుతో మతి చలించిందనుకున్నారు. "మీ అయ్యా తిన్నాడు, మా అయ్యా తిన్నాడు. ఏ పురుగొచ్చింది? నీ బంగారు తల్లికి గాలి సోకితే నూకనంటావేంటి?" అంది దానమ్మ. సంఘపెద్దలు, పండగపూట కీడు మాటలొద్దని సర్దిచెప్పారు. యోసేపు పంది కాళ్ళు పట్టుకుని కాలవ వైపు ఈడ్చబోయాడు. నలుగురు వెనక్కి లాగారు. ఎవరూ కొట్టలేదు. కొట్టివుంటే కనీసం తన మాట వాళ్ళకి తగిలిందనుకునేవాడు.

విశ్వాసం నోటిముక్క కోసి నోట్లో వేసుకున్నాడు. "బాగుందర్రా!" అన్నాడు. ఆడవాళ్ళు డేగిసాలు ఎక్కించారు. సాయంత్రం యోసేపు ఇంటి అరుగు మీంచి చూస్తుండగా, విశ్వాసం కాలవలో చేతులు ముంచి, పైపంచెకి తుడుచుకుని, తన వాకిట్లో కూచున్నాడు. చిన్న కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని అన్నం ముద్ద చేసి, "తెరవే, తెరవే," అంటున్నాడు. ఆ పిల్ల ఆడుకుంటూ నోరు తెరిచింది. యోసేపు అరుగు మీదే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వానలు పట్టేసరికి ప్రభావతి మంచానికే పరిమితమైంది. చూపు సరిగా ఆనడంలేదు. ఒకోరోజు తల్లిని గుర్తుపట్టేది, ఒకోరోజు లేదు. తిండి మానేసింది. మార్తమ్మ పెడితే ఉమ్మేసేది. మేనమామ చెంచాతో పట్టబోతే పళ్ళు బిగించేది. ఆ స్థితిలో ఉన్న పిల్లకి ఒక్కటి మాత్రం ఎక్కడో మిగిలుంది.

"నాన్న ముద్ద," అంది ఒకనాడు మధ్యాహ్నం. "నాన్న చేతి ముద్దమ్మా."

మార్తమ్మ బయటకొచ్చింది. అరుగు మీద యోసేపు చేతులు తువ్వాలులో చుట్టుకుని కూచున్నాడు. ఏడాదికి పైగా ఆమె అతనితో పనిమాటలు తప్ప మాట్లాడలేదు.

"రండి," అంది. "వచ్చి పెట్టండి."

"నేనా?"

"ఇంకేం మిగిలిందండి, భయపడ్డానికి?"

యోసేపు చేతులు తోముకున్నాడు. మార్తమ్మ వేణ్ణీళ్ళు పోసింది. మళ్ళీ తోముకున్నాడు. లోపలికొచ్చి కూతురి పక్కన కూచున్నాడు. చేపల పులుసు లేదు, చారన్నమే. కలిపి ముద్ద చేశాడు. పగిలిన వేళ్ళకి చారు తగిలి చురుక్కుమంది. చేతి వాసన తెలిసిందో ఏమో, ప్రభావతి చూపు ఆనని కళ్ళు ఇటు తిప్పింది. చిన్నప్పటిలాగే నోరు తెరిచింది.

అతని చెయ్యి లేవలేదు.

ఎత్తాలనే చూశాడు. ముద్ద పట్టుకున్న చెయ్యి కంచం అంచు దాకా వచ్చి, అక్కడ బండరాయిలా ఆగిపోయింది. తెరిచిన ఆ నోట్లోకి ఇన్నేళ్ళూ తనేం పెట్టాడో అది మొత్తం ఒక్కసారిగా కనబడింది. పొద్దుపోయినా మేలుకుని కూచున్న చిన్నపిల్ల. సెలవులకి పరుగెత్తుకుంటూ వచ్చిన పిల్ల. రుచి చేతిలో ఉంటదే పిచ్చిదానా అన్న తన నవ్వు.

"పెట్టండి," అంది మార్తమ్మ. "ఏవండీ, పెట్టండి. అడుగుతంది గదా."

"నావల్ల గాదే."

"అయ్యో, పెట్టండీ!"

ప్రభావతి నోరు తెరుచుకునే ఉంది. కాసేపటికి అలిసిపోయి మూసుకుంది. మళ్ళీ ఒకసారి కొంచెం తెరిచింది. తరవాత తల పక్కకి తిప్పుకుంది. యోసేపు వేళ్ళ మధ్య ముద్ద ఎండి బీటలు వారింది. మార్తమ్మ ఆ ముద్ద అతని చేతిలోంచి తీసుకుని, తనే కూతురి పెదవుల దగ్గర పెట్టింది. పెదవులు కదల్లేదు.

ఆ తరవాత ఆ పిల్ల ఎవర్నీ ఏదీ అడగలేదు. వారం తిరక్కుండానే పోయింది. గట్టు దిగువన వాననీళ్ళు నిలిచివుంటే నీళ్ళు తోడి పోసి మరీ గొయ్యి తవ్వారు.

యోసేపు బతికే ఉన్నాడు. ఒళ్ళు గట్టి మనిషి, జబ్బంటూ ఎరగడు. బాపిరాజుగారి చేల్లో ఇప్పటికీ పాలేరే. పేటలో పిల్లలు కాళ్ళకి చుట్టుకుంటే చేతులు వెనక్కి పెట్టేసుకుంటాడు. కోతల పండగనాడు గడ్డిమంట పొగ లేస్తే లేచి, కొల్లేటి గట్టు పట్టుకుని, ఆ కేక వినబడనంత దూరం నడిచిపోతాడు. ఎంత దూరం పోయినా గాలి అటువైపు తిరిగితే వినబడుతూనే ఉంటుంది. "బాగుందర్రా!"